బీచా, బీచెస్సా? క్వీన్ వీధి తూర్పు కొసన ఈ పేరు గొడవ ఏమిటి?

క్వీన్‌వీధి_మేడమీద
రెండు నెలల క్రితం టొరంటో తూర్పు వైపు, క్వీన్ వీధిలో ఒక పువ్వుల కొట్టు పైన అద్దెకు దిగాను. ఇల్లు చిన్నది, కిటికీ పెద్దది, కింద ట్రామ్ గంట. చెరువు గాలి కిటికీలోంచే వస్తుంది (ఒంటారియో సరస్సును చెరువు అంటే మా ఆవిడ ఒప్పుకోదు, నాకు నోరు తిరగదు). వచ్చిన చిక్కంతా పక్క వాటాలోని పెద్దావిడతో. "బీచెస్‌లో ఉంటున్నాం" అని నేను అన్న ప్రతిసారీ ఆవిడ "బీచ్" అని దిద్దుతారు. నవ్వుతూనే దిద్దుతారు, కానీ వదలరు. మొన్న గ్రంథాలయం ముందు నిలబడి, "మరి ఈ బోర్డు మీద బీచెస్ అని ఉంది కదండీ" అంటే, "వాళ్ళకేం తెలుసు" అన్నారు.

ఒక్క అక్షరం కోసం ఇంత పట్టుదల ఎందుకు? ఈ పేటకు, ఈ వీధికి ఉన్న కథ ఏమిటి? తెలిసినవాళ్ళు చెప్పండి, ఆవిడ దగ్గర నా పరువు నిలబడాలి.

మిస్సిసాగా_మావయ్య
ముప్పై ఏళ్ళుగా బీచెస్ అనే అంటున్నాను. నన్నెవరూ దిద్దలేదు.

స్కార్‌బరో_శాస్త్రి
మీరు పక్క ఊరు మిస్సిసాగాలో అంటున్నారు కాబట్టి. అక్కడ ఏమన్నా చెల్లుతుంది.

ఉప్పునీళ్ళు
విశాఖవాడిగా నాదొక అభ్యంతరం. ఉప్పు లేని నీటి పక్కన ఇసుక పోస్తే అది బీచ్ ఎలా అవుతుంది? ఏకవచనమా బహువచనమా అన్నది ఆ తరువాతి మాట.

పాతకాగితాలు
ఉప్పు సంగతి పక్కన పెట్టి అసలు ప్రశ్నకు వస్తాను. కాస్త పొడుగవుతుంది.

ఈ గొడవ 1985లో వీధికెక్కింది. క్వీన్ వీధి పొడవునా "ది బీచెస్" అని ఫలకాలు పెట్టారు. పాత కాపురస్తులు మండిపడ్డారు. ఫలకాలు తీసేయాల్సి వచ్చింది. తరువాత 2006లో వ్యాపారుల సంఘం జనాన్ని ఓటు అడిగింది. 58 శాతం మంది "ది బీచ్" అన్నారు. ఇప్పుడు మీ కిటికీ కింద వీధి ఫలకాల మీద కనిపించేది ఆ తీర్పే. కానీ ఓటు పెట్టిన సంఘం పేరులోనే అప్పట్లో బీచెస్ ఉండేది! గ్రంథాలయం బీచెస్, 1989 నుంచి జరుగుతున్న జాజ్ ఉత్సవం బీచెస్, పార్లమెంటు నియోజకవర్గం బీచెస్–ఈస్ట్ యార్క్. కాబట్టి మీరిద్దరూ ఒప్పే.

బహువచనంవాళ్ళ వాదన తేలికైనది. పడమటి నుంచి తూర్పుకు వరసగా వుడ్‌బైన్, క్యూ, స్కార్‌బరో, బామీ అని నాలుగు తీరాలున్నాయి కాబట్టి బీచెస్. ఏకవచనంవాళ్ళది అలవాటు వాదన. వాళ్ళ చిన్నతనంలో అందరూ "బీచ్‌కి వెళ్తున్నాం" అనేవారట.

గోదారిగట్టు
మనకు ఈ బాధ లేదు. నీళ్ళు, పాలు, వడ్లు... ఒక్క చుక్కయినా బహువచనమే.

స్కార్‌బరో_శాస్త్రి
ఆవిడతో అది చెప్పండి మేడమీద గారూ. "మా భాషలో నీళ్ళే బహువచనం, ఇక ఒడ్డు ఏకవచనం ఎలా అవుతుంది" అని.

క్వీన్‌వీధి_మేడమీద
చెప్పాను. టీ ఇచ్చారు. మాట మాత్రం మార్చుకోలేదు.

ట్రామ్‌పిచ్చి
పేరు కన్నా వీధి ముఖ్యం అంటాను నేను. ఈ పేటను ఎవరో పథకం వేసి కట్టలేదు, ట్రామ్ పట్టాలు ఈడ్చుకొచ్చాయి. 19వ శతాబ్దం చివర్లో ఇది పొలాలు, అడవి, ఇసుక. వేసవిలో జనం పడవల్లో వచ్చి గుడారాలు వేసుకునేవారు, తరువాత చెక్క కుటీరాలు. చలికాలం వస్తే తాళం వేసి వెళ్ళిపోయేవారు. పట్టాలు తూర్పుకు జరిగాక, ఇక్కడ పడుకుని నగరంలో ఉద్యోగం చేయవచ్చని తెలిసింది. కుటీరాలకు పొయ్యిలొచ్చాయి, గోడలు దళసరి అయ్యాయి, ఏడాది పొడవునా కాపురాలు మొదలయ్యాయి. క్వీన్ మీద కింద కొట్టు, పైన ఇల్లు. మేడమీద గారూ, మీరుంటున్నది కూడా అటువంటిదే అయి ఉంటుంది.

మీ కింద వెళ్ళే 501 ఏళ్ళ తరబడి పడమటి కొస లాంగ్ బ్రాంచ్ దాకా సుమారు 25 కిలోమీటర్లు వెళ్ళేది. ఇంత పొడవైన ట్రామ్ దారులు ఉత్తర అమెరికాలో చాలా తక్కువ. తూర్పు కొస నెవిల్ పార్క్ మలుపు. ఒక ఆదివారం ఈ కొస నుంచి ఆ కొసకు ఊరికే కూర్చుని వెళ్ళండి. నేను మూడుసార్లు వెళ్ళాను. మా ఇంట్లో ఇంకా నవ్వుతున్నారు.

లెస్లీవిల్_లక్ష్మి
ట్రామ్‌పిచ్చి గారు చెప్పిన దాంట్లో ఒకటి వదిలేశారు. ట్రామ్ కంపెనీలు ప్రయాణికులను మోయడమే కాదు, వాళ్ళు ఎక్కడానికి ఒక కారణాన్ని కూడా తయారు చేశాయి. ఆదివారం జనం ట్రామెక్కాలంటే కొసన ఏదో ఒక తిరునాళ్ళు ఉండాలి కదా! మన్రో పార్కు (1896–1906) అలా టొరంటో రైల్వే కంపెనీ చేతిలో నడిచింది. దాని పక్కన విక్టోరియా పార్కు ఇంకా పాతది, 1878 నుంచి. అక్కడికి మొదట్లో ఆవిరి ఓడల్లో వచ్చేవారు. ఆ రెండూ మూతబడ్డాక 1907లో స్కార్‌బరో బీచ్ పార్కు తెరిచారు. నీళ్ళలోకి జారే పడవల బండి, సైకిల్ పందేల చుట్టుబాట, లక్షల దీపాలు.

పాతకాగితాలు
లక్షలు కాదు లక్ష్మి గారూ. అంకె దగ్గర ఆగండి.

లెస్లీవిల్_లక్ష్మి
సరే, బోలెడు దీపాలు. ఆ స్థలం అంతకు ముందు సెయింట్ జోసెఫ్ సన్యాసినుల పొలం. వాళ్ళు పంట పండించిన నేల మీద పదేళ్ళు తిరక్కుండానే విమానం ఎగిరింది. 1909 సెప్టెంబరులో చార్లెస్ విల్లర్డ్ అనే ఆయన టొరంటో జనానికి మొదటిసారి విమానం ఎగరేసి చూపించాడు. చివరికి సరస్సులో దిగాడనుకోండి.

ఉప్పునీళ్ళు
ఉప్పునీరైతే తేలేది.

స్కార్‌బరో_శాస్త్రి
ఉప్పునీళ్ళు గారికి ఎవరైనా వేరే చర్చా గొలుసు తెరిచి ఇవ్వండి.

ట్రామ్‌పిచ్చి
ఆ పార్కు మూతబడ్డ తీరు చూడండి. 1921లో ప్రైవేటు కంపెనీ గడువు ముగిసి, పట్టాలూ బండ్లూ నగరానికి చెందిన రవాణా సంస్థ టి.టి.సి. చేతికి వచ్చాయి. వినోదాల పార్కు మాకెందుకు అన్నారు వీళ్ళు. 1925లో పార్కు మూసేశారు, స్థలం ఇళ్ళకు అమ్ముడుపోయింది. ఇవాళ హబ్బర్డ్ బులవార్డ్ దగ్గర నడుస్తుంటే అక్కడ ఒకప్పుడు ఊరంతా కేరింతలు కొట్టిందని ఎవరూ అనుకోరు.

మిస్సిసాగా_మావయ్య
క్యూ గార్డెన్స్ అంటే ఏమిటో అనుకున్నాను, అందులో క్యూ కట్టి నిలబడాలా అని. మా మనవడు నవ్వాడు.

పాతకాగితాలు
లండన్ క్యూ గార్డెన్స్ పేరే అది మావయ్య గారూ. జోసెఫ్ విలియమ్స్ అనే ఇంగ్లీషు రైతు 1853లో ఇక్కడ స్థిరపడ్డాడు. 1879లో తన పొలంలో కొంత భాగాన్ని "కెనడా క్యూ గార్డెన్స్" అని పేరు పెట్టి వేసవి విహారానికి తెరిచాడు. డాన్సు ఉండేది, మద్యం ఉండేది కాదు. కొడుకు పేరు కూడా క్యూ! ఆ కొడుకు 1902 ప్రాంతంలో లీ అవెన్యూ వైపు రాతి ఇల్లు కట్టుకున్నాడు. 1907లో నగరం ఆ తోటను కొనేసింది. చుట్టుపక్కల కుటీరాలన్నీ కూల్చారు గానీ ఆ రాతి ఇంటిని తోటమాలి నివాసంగా ఉంచేశారు. మేడమీద గారూ, గ్రంథాలయం బోర్డు చూశానన్నారు కదా, దాని వెనకే ఆ తోట. గ్రంథాలయం 1916లో దాత కార్నెగీ సొమ్ముతో కట్టింది. అదే నమూనాతో నగరంలో మరో రెండు కట్టారు, హై పార్క్‌లో, విచ్‌వుడ్‌లో.

కోవెల_మలుపు
మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటి చెబుతాను. మా అత్తగారు, మామగారు గుంటూరు నుంచి వచ్చిన మొదటి వేసవి. వుడ్‌బైన్ బీచ్‌కని బయలుదేరాం. పులిహోర, దద్దోజనం, గొడుగు, చాప. ఫోనులో వుడ్‌బైన్ అని కొట్టి, వచ్చిన మొదటిది నొక్కాను. ముప్పావు గంట తరువాత విమానాశ్రయం దగ్గర గుర్రప్పందేల మైదానం ముందు తేలాం. మామగారు చుట్టూ చూసి, "నీళ్ళెక్కడమ్మా?" అన్నారు. అక్కడే కారు నిలిపే చోట పులిహోర తిని వచ్చేశాం.

స్కార్‌బరో_శాస్త్రి
నేనూ చేశాను ఆ పని. ఒంటరిగా. పులిహోర కూడా లేకుండా.

పాతకాగితాలు
ఆ పొరపాటుకు చరిత్రే కారణం. అసలు వుడ్‌బైన్ గుర్రప్పందెం మైదానం ఈ బీచ్ పక్కనే, క్వీన్ వీధి మీదే ఉండేది, 1874 నుంచి. 1956లో నగరం వాయవ్యాన కొత్తది కట్టి పేరు దానికి తీసుకెళ్ళారు. ఇక్కడిది కొంతకాలం ఓల్డ్ వుడ్‌బైన్ అయి, 1963లో గ్రీన్‌వుడ్ అయింది. 1993 డిసెంబరు 31న చివరి పందెం. ఆ స్థలంలో ఇప్పుడు ఇళ్ళు, వుడ్‌బైన్ పార్కు. పేరు అక్కడికి పోయింది, బీచ్ ఇక్కడ ఉండిపోయింది, మధ్యలో మీ మామగారు.

గోదారిగట్టు
అయితే గుర్రాల రోజుల్లో ఈ వీధి ఎలా ఉండేదో! పందెం గెలిచినవాడు ఒక వైపు, ఓడినవాడు ఒక వైపు, మధ్యలో ట్రామ్.

డాన్‌లోయ
అందరూ తిరునాళ్ళు, గుర్రాలు అంటూ ముచ్చటగా చెబుతున్నారు. 1933 గురించి ఒక్కరూ ఎత్తలేదే? ఆ ఆగస్టులో ఈ తీరంలోనే కొందరు కుర్రకారు స్వస్తిక క్లబ్బులు పెట్టుకున్నారు. జర్మనీలో హిట్లర్ వచ్చి ఏడాది కూడా కాలేదు. చొక్కాలకు ఆ గుర్తు తగిలించుకుని, ఈతకు వచ్చే యూదులను బెదిరిస్తూ బోర్డువాక్ (ఒడ్డు పొడవునా ఉన్న చెక్క నడకదారి) మీద తిరిగారు. పైకి చెప్పిన కారణం చెత్త వేస్తున్నారని. మేయరు కలగజేసుకుని గుర్తు తీయించాడు. అయినా ఆగస్టు 16న క్రిస్టీ పిట్స్ మైదానంలో బేస్‌బాల్ ఆట దగ్గర ఆ జెండా ఎగరడంతో గంటల తరబడి కొట్లాట జరిగింది. నగర చరిత్రలోనే పెద్ద అల్లర్లలో ఒకటి అది.

స్వస్తిక అనగానే మన గడప మీద ముగ్గు గుర్తొస్తుంది. వీళ్ళకు గుర్తొచ్చేది వేరు. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మానికి స్టిక్కరు అంటించే ముందు ఇది తెలిసి ఉండటం మంచిది.

మిస్సిసాగా_మావయ్య
ఇది నాకు తెలియదు. మా గుమ్మం మీద ఉంది. ఎదురింటి ఆయన యూదుడే, ఇరవై ఏళ్ళలో ఏమీ అనలేదు.

డాన్‌లోయ
మీరు మంచి పొరుగువారని ఆయనకు తెలుసు కాబట్టి అనలేదేమో మావయ్య గారూ. ఒకసారి మీరే మాట కదపండి.

స్కార్‌బరో_శాస్త్రి
డాన్‌లోయ గారితో ఒక చోట విభేదిస్తాను. తొంభై ఏళ్ళ కిందటి కొందరు కుర్రవాళ్ళ పని వల్ల పేట మొత్తాన్ని అనుమానంగా చూడలేం. ఇవాళ ఆ ఇసుక మీద నగరంలో ఉన్న ప్రతి భాషా వినిపిస్తుంది.

డాన్‌లోయ
పేటను అనుమానించమని నేను ఎక్కడ అన్నాను? "బయటివాళ్ళు వచ్చి మా ఒడ్డు పాడు చేస్తున్నారు" అనే మాట ఎంత పాతదో చూడమన్నాను. ఆదివారం కార్ల వరస గురించి ఇవాళ పాత కాపురస్తులు అనే మాటలు వినండి. ఆ స్వస్తిక గుర్తు లేదు, చెత్త మాట అలాగే ఉంది. ఆ "మా" అనే మాటే 'బీచ్' అనే ఏకవచనంలోనూ వినిపిస్తుంది నాకు. ఊరివాళ్ళకు ఒక్కటే బీచ్, బయటినుంచి వచ్చేవాళ్ళకు బీచెస్.

ట్రామ్‌పిచ్చి
ఇంత దూరం ఆలోచించలేదు నేను. బాగుంది. కానీ ఒక్క 's' మీద అంత బరువు మోపితే విరుగుతుంది.

పాతకాగితాలు
ఇద్దరి మాటలోనూ కొంత ఉంది. ఈ ఒడ్డు అందరిదీ కావడం కూడా ఊరికే జరగలేదు. బామీ బీచ్ నేల ఒకప్పుడు ఆడమ్ విల్సన్‌ది. టొరంటో మేయరుగా పనిచేసిన మనిషి. 1876లో స్థలాలు వేసి అమ్మినప్పుడు తీరం పొడవునా కొంత నేలను విహారానికి వదిలాడు. 1903లో అది చట్టం ప్రకారం పార్కు అయింది. అదే ఏడాది పుట్టిన బామీ బీచ్ క్లబ్బు ఫుట్‌బాల్ జట్టు 1927లో, 1930లో గ్రే కప్ గెలిచింది. ఒక పేట క్లబ్బు దేశం కప్పు ఎత్తుకుపోయింది!

ఇక మిగతా తీరం. ఒడ్డు మీది కుటీరాలను తుపానులు, పెరిగిన నీరు కోసేస్తుంటే నగరం స్థలాలు కొని, ఇళ్ళు తీసేసి, 1932లో పెద్ద పార్కు తెరిచింది. బోర్డువాక్ అంత పొడుగ్గా, అడ్డం లేకుండా సాగుతున్నదంటే అక్కడ ఒకప్పుడు కొందరి ఇళ్ళు ఉండేవి కాబట్టి. 1970ల దాకా ఈ పేట మీదుగా స్కార్‌బరో వేగదారి వేయాలన్న ఆలోచన కూడా ఉండేది. జనం ఎదురు తిరిగారు, ఆగిపోయింది. లేకపోతే మేడమీద గారి కిటికీలోంచి చెరువు గాలి బదులు లారీ పొగ వచ్చేది.

క్వీన్‌వీధి_మేడమీద
మీరందరూ చెబుతుంటే నిన్న సాయంత్రం నడిచి చూసి వచ్చాను. వుడ్‌బైన్ దగ్గర గడియారం గోపురం ఉన్న అగ్నిమాపక కేంద్రం, తరువాత గ్రంథాలయం, తోట, రాతి ఇల్లు, అన్నీ వరసగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ వాటి ముందు నుంచే పాల కోసం వెళ్ళాను. ల్యూటీ వీధి చివర ఇసుక మీద తెల్లటి చెక్క గది ఒకటుంది, ప్రాణరక్షకులది. 1920 నాటిదట. మా పాప దాన్ని చూసి "బొమ్మరిల్లు" అంది.

లెస్లీవిల్_లక్ష్మి
ఇంకా తూర్పుకు వెళ్ళారా? ఫాక్స్ సినిమా హాలు దాటారా? 1914 నుంచి ఆడుతోంది. తెరిచినప్పుడు దానికి పేరే లేదు, "పేరు లేని థియేటర్" అనే పిలిచారు. 1937లో ఫాక్స్ అయింది. దాని పక్కనున్న వీధి పేరు బీచ్. అంటే ఇసుక బీచ్ కాదు, చెట్టు బీచ్. చెవికి రెండూ ఒకటే. మీ పక్కింటావిడ ఏ బీచ్ అంటున్నారో ఒకసారి అక్షరాలు చెప్పించుకోండి.

గోదారిగట్టు
ఇక అయిపోయింది. మూడో బీచ్ వచ్చింది.

కోవెల_మలుపు
క్వీన్ వీధిలోనే పాత చైనా భోజనశాల ఒకటి ఉండేది, అందరూ "గూఫ్" అనేవారు. అసలు పేరు గార్డెన్ గేట్. "గుడ్ ఫుడ్" అని నిలువుగా ఉన్న నియాన్ బోర్డులో అక్షరాలు ఆరిపోయి గూఫ్ మిగిలిందని చెబుతారు. అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ఈ వీధిలో పేర్లు పెట్టేది మనుషులు కాదేమో!

ట్రామ్‌పిచ్చి
లక్ష్మి గారూ, తూర్పు కొసను వదిలేశారు. ట్రామ్ దిగాక ఇంకొంచెం నడిస్తే కొండ మీద రాజభవనంలా కనిపించేది హ్యారిస్ నీటిశుద్ధి కేంద్రం. మీరు చెప్పిన విక్టోరియా పార్కు స్థలంలోనే 1930లలో కట్టి 1941లో నడిపించారు. లోపల పాలరాయి, ఇత్తడి. తాగునీటికి అంత వైభవం ఎందుకని అప్పట్లో తిట్టారట. ఆర్.సి. హ్యారిస్ నగర ఇంజినీరింగ్ శాఖ పెద్ద, బ్లోర్ వంతెన కూడా ఆయన హయాంలోదే.

మిస్సిసాగా_మావయ్య
మా రోజుల్లో బీచ్‌కి వచ్చినా చివరికి తేలేది జెరార్డ్ వీధిలోనే. కాక్స్‌వెల్ మీదుగా పైకి పోతే నాలుగడుగులు. నాజ్ థియేటర్ ఉండేది, 1972లో మొదలైంది, హిందీ సినిమాలు. ఆ హాలు చుట్టూ పుట్టిందే ఇండియా బజార్. ఇసుక కాళ్ళతో వెళ్ళి మిరపకాయలు, కరివేపాకు కొనుక్కుని ఇంటికి. మా వాళ్ళకు బీచ్ అంటే ఇప్పటికీ కరివేపాకు వాసన.

స్కార్‌బరో_శాస్త్రి
ఈ గొలుసు మొత్తంలో బాగున్న మాట ఇది, మావయ్య గారూ.

ఉప్పునీళ్ళు
ఇంతకీ ఎవరైనా నీళ్ళలో దిగారా, లేక అందరూ ఒడ్డున నిలబడి చరిత్ర చెబుతున్నారా?

పాతకాగితాలు
దిగే ముందు గాలి చూసుకోండి. ఒడ్డు నుంచి సరస్సు లోపలికి గట్టిగా గాలి వీస్తే పైనున్న వెచ్చటి నీరు అటు కొట్టుకుపోయి అడుగు నీరు పైకి వస్తుంది. జులైలో కూడా ఒక్క రాత్రిలో పది డిగ్రీలు తగ్గగలదు. 2017లో, 2019లో నీటిమట్టం పెరిగి ఇసుకే మునిగింది, అది వేరు.

క్వీన్‌వీధి_మేడమీద
శనివారం మా ఇంటికి రండి అందరూ. పక్కింటావిడను కూడా పిలిచాను. మీరు చెప్పినవన్నీ చెప్పాను ఆవిడకు. క్యూ విలియమ్స్ ఇల్లు దగ్గర ఆగి, "మా అమ్మ ఆ తోటలో బుట్టతో వచ్చి కూర్చునేది, ఆ రోజుల్లో దీన్ని మేం పార్కు అనేవాళ్ళం" అన్నారు. బీచ్ కాదు, బీచెస్ కాదు. నేనేమీ అనలేదు.

స్కార్‌బరో_శాస్త్రి
వస్తున్నాం. కారు ఎక్కడ పెట్టాలి?

ట్రామ్‌పిచ్చి
501 ఎక్కి రండి.

కోవెల_మలుపు
నేను పులిహోర తెస్తున్నాను. చిరునామా పూర్తిగా పంపండి, వుడ్‌బైన్ అని మాత్రం రాయకండి.

ఉప్పునీళ్ళు
శనివారం దాకా ఆగలేక ఇవాళ పొద్దునే వెళ్ళాను. క్యూ బీచ్‌లో దిగాను, మోకాళ్ళ దాకా. రాత్రంతా ఉత్తరపు గాలి వీచిందట. ఇప్పుడు రెండు మేజోళ్ళు వేసుకుని టైపు చేస్తున్నాను.